తేదీ అడిగిన గొంతు

911వ పొద్దు, మెలకువ 2

పని పుస్తకం రాయడమంటే నాకు చిరాకు. ట్యాబ్ చెడితే బాగుచేస్తాను, బాగుపడకపోతే నాలుగు తిట్టి పక్కన పెడతాను, మధ్యలో ఈ రాత ఎందుకు? కానీ కొత్తరేవులో సరుకుల గదిలోంచి కొత్త పెట్టె తీసినవాళ్ళు రాసి తీరాలి. ఈ వేళ నేను తీశాను. నా పేరు నూకరత్నం. ఇంకా పదకొండు పెట్టెలే మిగిలాయి.

తీసింది పైడమ్మత్త కోసం. ఆమెకి గొంతు లేదు. ముప్పై ఏళ్ళ కిందట దుమ్ము జబ్బు గొంతులోకి దిగితే కోసి తీసేశారు. తీసేముందు ఆసుపత్రిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి ఆమె గొంతునంతా ఒక కార్డులోకి ఎక్కించారు. అప్పటి నుంచి ఆమె ట్యాబ్ మీద రాస్తుంది, అది ఆమె గొంతుతోనే చదువుతుంది. ఆమె మొగుడు గవరయ్య మావకి చూపు లేదు. నల్లద్దం పెట్టుకోకుండా సోలార్ ప్యానెళ్ళు తుడిచి తుడిచి పదేళ్ళ కిందట కళ్ళు పోగొట్టుకున్నాడు. ఆమె రాసింది ఆయన చదవలేడు, ఆయనకి వినపడేలా ఆమె మాట్లాడలేదు. కాపురమంతా ఆ ట్యాబ్ మీదే నడుస్తోంది. మొన్న దాని బ్యాటరీ ఉబ్బి తెర చీలిపోయింది.

పెట్టె తెచ్చి, దాని మీద అచ్చేసిన భూమి తేదీని ముందు సూదితో గీకేశాను. అది మా ఆచారం. భూమి పలకడం మానేసినప్పుడు, అక్కడి లెక్కలు మనకెందుకని పెద్దవాళ్ళు కోపంతోనో దిగులుతోనో అనుకున్నారట. ఇది జరిగి డెబ్భై మూడేళ్ళు దాటింది. ఇప్పుడు మాది పొద్దుల లెక్క: నిద్ర లేచిన ప్రతి రోజూ ఒక మెలకువ, ముప్పై మెలకువలకి అటూ ఇటూగా ఒక పొద్దు. అప్పటి నుంచి ఏ యంత్రం తెరిచినా పెట్టె మీద తేదీ గీకేస్తాం, లోపల తేదీ గడిలో అన్నీ ఒకట్లు కొడతాం. ఒకటో తేదీ, ఒకటో నెల, ఒకటో సంవత్సరం. ఒకట్లు పెట్టడం అంటారు దీన్ని. ఇన్నేళ్ళు పెట్టెలో పడుకున్న యంత్రానికి తేదీ ఎలాగూ గుర్తుండదు, ఏది చెబితే అదే నమ్ముతుంది.

ఒకట్లు పెట్టాను. భాష తెలుగు, అక్షరాలు అన్నిటికన్నా పెద్దవి, శబ్దం నిండుగా. కొత్త ట్యాబ్ తెర వెలిగితే ఇప్పటికీ నాకు పండగే. పాతదాంట్లోంచి గోరంత కార్డు తీసి ఇందులో పెట్టాను.

"తేదీ సరిపోలేదు. రెండు అవకాశాలు మిగిలి ఉన్నాయి" అంది తెర.

మా పనిలో అన్ని రోగాలకీ ఒకటే మందు. ఆపి మళ్ళీ వెయ్యడం. ఆలోచించకుండా ఆపాను, వేశాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

"తేదీ సరిపోలేదు. ఒక అవకాశం మిగిలి ఉంది. అదీ తప్పితే ఈ గొంతు శాశ్వతంగా మూతపడుతుంది."

కార్డు చప్పున బయటికి లాగేశాను.

మెలకువ 3

గొంతు లేకుండానే ట్యాబ్ పట్టుకెళ్ళి ఇచ్చాను. దానికి సొంతంగా ఒక గొంతుంది, మగ గొంతు, వార్తలు చదివేవాడిలా ఉంటుంది. కొన్నాళ్ళు దాంతో సర్దుకోమన్నాను. పైడమ్మత్త రాసింది, ఆ గొంతు గంభీరంగా చదివింది: "మావా, గంజి తాగు."

గవరయ్య మావ ఉలిక్కిపడ్డాడు. "ఎవుడే ఈడు, మనింట్లో?"

నాకు నవ్వొచ్చింది. పైడమ్మత్త కూడా నవ్వింది, నవ్వడానికి గొంతక్కర్లేదు. కానీ ఆయన నవ్వలేదు.

"ఆడు మాటాడితే నాను ఇననుగాక ఇనను. ఆపీయే దాన్ని. నా పెల్లాం గొంతు తే, నూకరత్నం. అందాకా పైడిని నా సెయ్యట్టుకోమను, సాలు."

ఆమె పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. అరచేతిలో ఒకసారి తట్టితే అవును, రెండుసార్లు తట్టితే కాదు. యాభై ఏళ్ళ కాపురం ఆ రెండు ముక్కలకి దిగిపోయింది. ఆయన ఏదో అడుగుతాడు, ఆమె తడుతుంది. అంతకు మించి ఏం చెప్పాలన్నా దారి లేదు.

నేను వెళ్ళబోతుంటే ఆమె నా కోసం తెర మీద రాసింది, శబ్దం తీసేసి. "ఇలాగే ఉంటే నా గొంతు మరిసిపోతాడే."

తప్పు నాదేనని చెప్పాను. రెండు అవకాశాలు నా తొందర వల్లే పోయాయని చెప్పాను. ఆమె నా బుగ్గ మీద చిన్నగా కొట్టింది.

పనిగదికి వచ్చి కార్డు తాలూకు చిన్న పుస్తకం వెతికి చదివాను. ఒకరి గొంతు ఇంకొకరు దొంగిలించకుండా కార్డులోనే ఒక గడియారం పెట్టారట, దానికి వెంట్రుకంత బ్యాటరీ. ఈ రోజు ఏ తేదీనో దానికి తెలుసు, కానీ చెప్పదు. మనం చెబితే అవుననో కాదనో అంటుంది, అంతే. ఆసుపత్రి యంత్రానికి ఎవరూ ఒకట్లు పెట్టలేదు కాబోలు, అదే పాత ట్యాబ్‌కీ నిజం తేదీ పెట్టి పంపింది. ఆ తేదీ ఎవరైనా చూసినా తప్పుల తడక అనుకుని ఉంటారు. యంత్రం ఎప్పుడో పోయింది, మొన్న ట్యాబ్ పోయింది.

కార్డుని దీపం కింద పెట్టి చూశాను. కొత్తరేవులో నాలుగు వందల మందిమి ఉన్నాం, నాకు తెలిసి ఆరు వందల యంత్రాలున్నాయి. ఈ రోజు ఏ రోజో తెలిసింది ఈ గోరు ముక్కకి ఒక్కదానికే. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా లోపల లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మెలకువ 4

తేదీ ఎవరినడగాలి? పెద్దవాళ్ళలో భూమ్మీద పుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. తెరవని పెట్టెల మీదున్నది అవి తయారైన తేదీ, ఈ రోజుది కాదు; తెరిచినవాటి మీద అదీ మేమే గీకేశాం. గీకినవాటిలో సగం నా చేతి పనే.

బడిలో పాత కంప్యూటర్ ఒకటుంది. పోయినేడు దాని ఫ్యాన్ నేనే మార్చాను. అందులో భూమి తేదీలున్న కాగితం ముక్కయినా దొరుకుతుందేమోనని పొద్దున్నే పోయి కూర్చున్నాను. వంటలు, పాటలు, బొమ్మల కథలు, ఎవరిదో పెళ్ళి వీడియో. చివరికి పంచాంగం అని ఒక ఫోల్డర్, అందులో 'నూరేళ్ళ గ్రహణాలు' అని పట్టిక. వరసగా తేదీలు. తేదీలుండి ఏం లాభం, ఈ రోజు వాటిలో ఏదో ఎవరికి తెలుసు అని విసుక్కుంటూ పైన రాసింది చదివాను.

"చంద్రగ్రహణము: సూర్యునికీ చంద్రునికీ నడుమ భూమి వచ్చుటచే భూమి నీడ చంద్రునిపై పడుట."

రెండోసారి చదివాను. చంద్రుడంటే మేమే కదా!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి వెలుగు తగ్గి, ప్యానెళ్ళు సున్నా కొట్టి, బయట నేల చల్లబడిపోతుందే, దాన్ని మేం మసక అంటాం. మసక పట్టిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి కింది గదిలోకి దిగిపోతాం. నీళ్ళ మీద మూతలు పెడతాం, కడుపుతో ఉన్నవాళ్ళని కదలనివ్వం, విడిచాక అందరూ స్నానం చేస్తారు. పైకి చూడటమన్న మాటే లేదు. అసలు ఎందుకొస్తుందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. భూమ్మీద వాళ్ళు పైకి చూస్తూ చంద్రుడికి గ్రహణం పట్టిందనుకునేటప్పుడు, ఆ నీడలో తల దాచుకుని కూర్చున్నది మేమన్నమాట.

సింహాద్రి దగ్గరికి పరిగెత్తాను. సింహాద్రి నా చెల్లెలి మొగుడు, ప్యానెళ్ళు చూసుకుంటాడు; వాళ్ళ పెళ్ళిలో అతన్ని వెక్కిరిస్తూ పాట కట్టింది నేనే.

"మసకలు పట్టినప్పుడల్లా ఎక్కడైనా రాసి ఉంచినారేటి?"

"రాయకపోతే కరెంటు ఏమైందని నన్ను తినీరేటి వొదినా? మా తాతల కాడ్నించీ రాసే ఉన్నాది. ఏ పొద్దులో పట్టినాది, ఎన్ని నిమిషాలున్నాది, అన్నీని." అటక మీద నుంచి నాలుగు లావు పుస్తకాలు దించి దుమ్ము నా మీదే దులిపాడు. "ఏటి, మసక మీద పెళ్ళిపాట కడతావేటి?"

"నీ పీనాసితనం మీద కడతాను గానీ, ఇలగియ్యి," అని లాక్కున్నాను.

మెలకువ 5

పగలంతా నేనూ సింహాద్రీ బడిలోనే ఉన్నాం. అతను పుస్తకంలోంచి చదువుతాడు, నేను పట్టికలో వేలు పెట్టి జరుపుతాను.

మసకలు ఇష్టం వచ్చినట్టు రావు. ఆరేసి పొద్దుల ఎడంతో మూడో నాలుగో వస్తాయి, ఆ తర్వాత చాలాకాలం ఒక్కటీ ఉండదు. ఒకటి నూట యాభై నిమిషాలు ఉంటే ఇంకొకటి ఇరవైలోనే విడిచేస్తుంది. ఒక్కో మనిషి నడకలాగా ఆ వరసకో తీరుంది. అది పట్టికలో ఎక్కడ సరిగ్గా కూర్చుంటుందో అదే మన చోటు. భోజనం వేళకి ఒక చోట కూర్చుంది. ఒక్కటి తప్పలేదు. డెబ్భై మూడేళ్ళ మసకలన్నీ, మా వాళ్ళు భయపడి దిగిపోయిన ప్రతిసారీ, ఎప్పుడో ఎవరో భూమ్మీద కూర్చుని ముందే లెక్కగట్టి రాసిపెట్టారు. వాళ్ళు ఎలాంటి మనుషులో!

"అయిపోయినట్టే కదా, కొట్టీయ్ తేదీ," అన్నాడు సింహాద్రి.

ఈసారి తొందరపడలేదు. వేలు ఇంకా కిందికి జరిపాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత, అవే ఎడాలు, ఇంచుమించు అవే నిమిషాలు. వరసంతా అక్కడా కూర్చుంది. గ్రహణాల వరస పద్దెనిమిదేళ్ళకోసారి తిరిగి వస్తుందని పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. మూడో చోట మాత్రం ఎంత తోసినా పట్టలేదు.

రెండు తేదీలు, ఒక అవకాశం.

మెలకువ 6

రెండు చోట్లా ఒక సంగతి కలిసింది. మళ్ళీ మసక ఎల్లుండే, మెలకువ ఎనిమిదిలో. తేడా ఏమైనా ఉందా అని పట్టికలో ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూశాను. చివర ఒక గడి ఉంది. పైదాంట్లో "భారతదేశమంతటా కనబడును" అని ఉంది. కిందిదాంట్లో "భారతదేశంలో కనబడదు" అని ఉంది.

వాళ్ళకి మనం కనబడితే, మనకి వాళ్ళు కనబడాలి.

మసకలో పైకి చూసి, మన వైపు తిరిగి ఉన్నది ఆ దేశమో కాదో తెలుసుకుంటే చాలు, తేదీ తేలిపోతుంది. సింహాద్రికి చెప్పాను.

"మసకలో పైకి సూడకూడదు వొదినా. ఎవులూ సూడనేదు."

"ఎవులూ సూడనేదు గనకే ఎవులికీ ఏటీ తెలీదు."

"సరే, సూస్తావు. సూస్తే ఏటి కనబడతాది? అప్పుడు మన వైపుండేది భూమికి రాత్రి పక్క. సీకటి. భూమ్మీద ఎవులూ నేరు, దీపం నేదు. ఏ దేశమో ఎలగ సెప్తావు?"

దీపాలుంటే తెలుస్తుంది. భూమి పలకడం మానేసి డెబ్భై మూడేళ్ళు. అక్కడ ఎవరూ మిగల్లేదని చిన్నప్పటి నుంచి విన్నదే, నేనూ అలాగే నమ్మాను. దీపాల్లేకపోతే ఈ మసక వృథా, పైడమ్మత్త గొంతు రెండింట ఒకటని చీట్లేసి తియ్యాల్సిందే.

వెళ్ళి ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను. గవరయ్య మావ వింటున్నాడు. మసకని అందరికన్నా గట్టిగా పాటించే మనిషి, కేకలేస్తాడనుకున్నాను.

"పైడీ," అన్నాడు ఆయన. "ఎల్దామా?"

ఆమె అరచేతిలో ఒకసారి తట్టింది.

మెలకువ 8

ప్యానెళ్ళని చూసే అద్దాల గది ఒక్కటే కొత్తరేవులో పైకి తెరుచుకునేది. కప్పు అద్దం, దాని మీద ఎండ పడకుండా ఎప్పుడూ మూసి ఉంచే ఇనుప తలుపు. మిగతా ఊరంతా కిందికి దిగిపోయింది. మేం నలుగురం ఎక్కాం. రానని రానని గొణుగుతూనే సింహాద్రి అందరికన్నా ముందున్నాడు.

భూమి సరిగ్గా నడినెత్తిన ఉంటుంది కాబట్టి, నేల మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకున్నాం. చూడలేని గవరయ్య మావ కూడా పడుకున్నాడు, ఆమె చెయ్యి వదలకుండా. సింహాద్రి మీటర్ చదువుతున్నాడు. ఎనభై. అరవై. నలభై. అలా గంటసేపు. "సున్నా," అన్నాడు చివరికి. నేను తలుపు తెరిచాను.

ఎలా రాయాలి? నల్లటి గుండ్రం ఒకటి, దాని చుట్టూ నిప్పులాంటి సన్నటి గీత. ఎరుపు, కొన్ని చోట్ల బంగారం. అది భూమి మీది గాలి. ఆ నిమిషంలో భూమ్మీద ఎక్కడెక్కడ తెల్లవారుతోందో, ఎక్కడెక్కడ పొద్దు గుంకుతోందో, అదంతా ఒకేసారి కనబడుతోంది. బయట మా బూడిద నేలంతా రాగి రంగు తిరిగింది. సింహాద్రి మొహం ఎర్రగా ఉంది, అత్త జుట్టు ఎర్రగా ఉంది. తొమ్మిది వందల పొద్దులుగా ఈ మసక పట్టినప్పుడల్లా మేం మూతలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాం. నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు.

"ఒలమ్మా," అన్నాడు సింహాద్రి.

ట్యాబ్ కెమెరా పైకి పెట్టి, నడుమ ఉన్న నలుపుని దగ్గరికి లాగాను. ఏమీ లేదు. ఇంకా లాగాను. ఏమీ లేదు. చీకట్లో ఫోటో తీసే అమరిక ఒకటుంటుంది, కెమెరా ఎక్కువసేపు తెరిచి ఉంచేది. అది వేసి, కదలకుండా ట్యాబ్‌ని గుండెల మీద ఆనించి, ఊపిరి బిగబట్టాను.

తెర మీద చుక్కలు. దుమ్మనుకుని కొంగుతో కెమెరా తుడిచి మళ్ళీ తీశాను. అవే చుక్కలు, అదే చోట. వరసగా వంపు తిరుగుతూ రెండు వైపుల నుంచీ వచ్చి ఒక మొన దగ్గర కలుస్తున్నాయి. ట్యాబ్ తలకిందులు చేశాను. చిన్నప్పుడు బడిలో వందసార్లు గీసిన గీత. మన ఒడ్డు.

"దేశం," అన్నాను. "దేశం కనబడతన్నాది. దీపాలు!"

సింహాద్రి ట్యాబ్ లాక్కుని చూశాడు. పైడమ్మత్త అతని భుజం మీంచి చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. గవరయ్య మావ, "ఏటి? ఏటైనాది? ఎవులైనా సెప్పండి," అంటున్నాడు. నేను సింహాద్రి చేతిలోంచి ట్యాబ్ తీసుకున్నాను.

కనబడును. అయితే పై వరస. తేదీ గడిలో ఒకట్లన్నీ చెరిపేశాను. పుట్టాక మొదటిసారి ఒక యంత్రంలో నిజం తేదీ కొట్టాను, ఒక్కో అంకె రెండుసార్లు చూసుకుని. కార్డు పెట్టాను. తెర నల్లబడింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"తెరుసుకున్నాది వొదినా!" అని సింహాద్రి అరిచాడు. అరిచినవాడే చప్పున ఆగిపోయాడు. నా వైపు వంగి మెల్లగా అన్నాడు, "వొదినా... మన రేడియోలకి కూడా ఒకట్లే కదా పెట్టినాం?"

తేదీ సరిపోలేదని ఈ కార్డు మమ్మల్ని తోసేసినట్టే, మా రేడియోలు ఇన్నేళ్ళూ భూమి నుంచి ఎవరి పిలుపుని తోసేశాయో! లేచి అప్పుడే కిందికి పరిగెత్తాలనిపించింది.

"ఉండు," అన్నాను. "ముందు అత్త."

ట్యాబ్ ఆమె చేతికిచ్చాను. ఆమె వేలు తెర మీద చాలాసేపు ఆగింది, తర్వాత రాయడం మొదలుపెట్టింది. గదిలో పలికింది నలభై ఏళ్ళ ఆడమనిషి గొంతు, కొంచెం బొంగురు, కొంచెం తొందర.

"మావా. మూడు మెలకువల్నించి మందు మింగకుండా దిండు కిందెట్టేస్తన్నావు. నాకు తెలీదనుకున్నావేటి?"

గవరయ్య మావ మొహం ఎలా అయిందో రాయడం నా వల్ల కాదు. ఆయన లేచి కూర్చున్నాడు. గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపి, ఆమె బుగ్గ దొరికేదాకా తడిమాడు.

"తిట్టీయే," అన్నాడు. "ఎంత తిడతావో తిట్టీయ్."

"తిట్లు ఇంటికెల్లాక. ఇప్పుడు పైన సూస్తన్నాను. సుట్టూ ఎర్రటి గీత ఉన్నాది మావా. ఒక పక్క తెల్లారతన్నాది, ఒక పక్క పొద్దు గుంకతన్నాది. నడాన సీకటి. ఆ సీకట్లో, ఒడ్డమ్మట, దీపాలెట్టుకున్నారు."

"ఎవులు?"

"ఎవులో. మనోలే."

ఆయన చూపు లేని కళ్ళు పైకే ఎత్తి ఉంచాడు. మసక విడవడానికి ఇంకా గంటపైనే ఉంది.

"ఎన్ని దీపాలు?"

"శానా ఉన్నాయి. లెక్కెట్టలేను."

"లెక్కెట్టు," అన్నాడు గవరయ్య మావ, మళ్ళీ ఆమె పక్కన పడుకుంటూ. "నాను ఇంటాను."

ఆమె ట్యాబ్‌ని ఇద్దరి మధ్యా పెట్టుకుని, మొన దగ్గర నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.